ఒకే కార్డుకు ఇద్దరు తల్లులు

మా అమ్మ అంకమ్మకు మగపిల్లలు నిలవలేదు. పుట్టిన ఇద్దరూ పురిటి మంచం దిగకముందే పోయారు. మిగిలింది నేనొక్కదాన్నే. తాడిమర్రిలో మాకు మెట్టచేను, ఎద్దులతో నీళ్లు తోడే కపిల బావి, దాని కింద కొద్దిగా మడి ఉండేవి. నన్ను బయటికి ఇస్తే ఇంటికి మగదిక్కు ఉండదని మా నాయన సంజీవప్ప ఇల్లటం తెచ్చుకున్నాడు. ఇల్లటమంటే మా కాపుల ఇళ్లలో అల్లుడు వచ్చి అత్తగారింట్లో ఉండిపోవడం ఒక్కటే కాదు. వచ్చినవాడు ఆ ఇంటి కొడుకే అవుతాడు. చేను అతనిది, ఇంటి మంచీ చెడూ అతనివి. అత్తను అమ్మా అంటాడు, మామను నాయనా అంటాడు.

అట్లా రొద్దం నుంచి వచ్చినవాడు జయరాముడు, మా ఆయన. అక్కడ ఆయనకు తండ్రి దాసప్ప, తల్లి పుట్టమ్మ, అన్న ఓబులేసు ఉన్నారు. పెళ్లినాడు పెద్దమనుషుల ముందర పుట్టమ్మత్త కొడుకు చెయ్యి తీసి మా అమ్మ చేతిలో పెట్టింది.

"వదినా, ఈ పొద్దుటి నుంచి వీడు నీ కొడుకు. పొద్దున సంగటి ఆలస్యమైతే మూతి ముడుస్తాడు. తిట్టుకో, కొట్టుకో. నన్ను మాత్రం పిలవొద్దు."

"పిలవను లే వదినా. నీకు పిలుపు రాకుండా చూసుకునే పూచీ నాది" అంది అమ్మ.

అందరూ నవ్వారు. వాళ్లిద్దరూ మాత్రం నవ్వలేదు. ఆ మాటకు మా ఆయన ఎంత కట్టుబడ్డాడంటే, ఆ తర్వాత కన్నతల్లిని "రొద్దం అమ్మ" అనే అనేవాడు. వట్టి "అమ్మ" అంటే మా ఇంట్లో అంకమ్మే.

నాయన పెళ్లయిన కొన్నాళ్లకే పోయాడు. కపిల తోలడం అప్పటికే అమ్మకు వచ్చు. ఎద్దుల వెనక మోకు మీద కూర్చుని పల్లంలోకి దిగుతూ, మళ్లీ వెనక్కి నడిపిస్తూ, తెల్లవారేసరికి మడి తడిపేది. మాటలు తక్కువ మనిషి. కూలివాళ్లకు సంగటి పెట్టేటప్పుడు ఎవరికి ఎక్కువ కావాలో మొహం చూసి తెలుసుకునేది. అయితే కరువు రోజులొచ్చాయి. బావి అడుగున బురద కనబడింది. ఊళ్లో గంజి పోసే కేంద్రం పెట్టారు. అక్కడికి గిన్నె పట్టుకుని పోవడం అమ్మకు చేతకాలేదు. ఎద్దులను అమ్మేసిన రోజు కపిల తోలు బానను ఇంట్లోకి తెచ్చి అటక మీద పెట్టింది. మళ్లీ దించలేదు.

అప్పుడు మా ఆయన హిందూపురం పోయి రైల్వే గ్యాంగులో చేరాడు. వెనకే నేనూ అమ్మా అక్కడికే పోయాం. పట్టాల కింద కంకర కొట్టి దిట్టం చేసే పని. కొన్నాళ్లకు పర్మనెంటు చేసేటప్పుడు గుమాస్తా ఇంటి వివరాలు అడిగాడట. ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి సంతోషంగా చెప్పాడు.

"నాయన పేరేమి అన్నాడు. సంజీవప్ప, లేడు సార్ అన్నా. తల్లి అంటే అంకమ్మ, నాతోనే ఉండాది అన్నా. అట్లే రాసుకున్నాడు. ఇంక మనకు జబ్బు చేస్తే రైల్వే వాళ్లే మందులిస్తారంట. అమ్మకు కూడా."

అది అబద్ధమని మాలో ఎవరికీ తోచలేదు. ఊరంతా చూస్తుండగా చేతిలో చెయ్యి పెట్టి ఇచ్చినదాన్ని అబద్ధమని ఎవరనుకుంటారు? అమ్మ నీళ్లకు పోయినచోట ఎవరో అడిగితే "మా కొడుక్కు రైల్వేలో ఉద్యోగం" అని చెప్పింది. అల్లుడు అనలేదు.

తర్వాత ఆయనను ధర్మవరానికి మార్చి, బండ్లకు పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌ను చేశారు. జంక్షను కాబట్టి క్వార్టర్సు ఉన్నాయి, రైల్వే వాళ్ల చిన్న దవాఖానా ఉంది. మాకు పిల్లలు కలగలేదు. ముగ్గురమే. క్వార్టర్సు దాటితే మగ్గాల వీధి. అక్కడ కుళ్ళాయమ్మ అనే ఆమె ఇంటికి పోయి అమ్మ పగటిపూట పట్టుదారం కండెలకు చుట్టిపెట్టేది. ఊరికే కూర్చోవడం అమ్మకు రాదు.

ధర్మవరంలోనే జబ్బు బయటపడింది. బిందెల కొద్దీ నీళ్లు తాగేది. మనిషి ఎండిపోయింది. స్నానం చేసే జాలాట్లో ఆమె ఒంటికి పోయిన చోట చీమలు మూగుతుంటే మొదట నాకు అర్థం కాలేదు. దవాఖానాకు వచ్చే డాక్టరు చూసి చక్కెర జబ్బు అన్నాడు. రోజూ పొద్దున తినకముందు సూదిమందు వేయించుకోవాలి, బతికున్నన్ని రోజులూ వేయించుకోవాలి, ఆపకూడదు అని నాకు విడిగా చెప్పాడు. పేరుకు, వయసుకు, సంబంధానికి మూడు గీతలున్న అట్టకార్డు ఒకటి ఇచ్చారు. అంకమ్మ, తల్లి. దాని మీద ఫొటో ఏమీ లేదు. అమ్మ ఆ కార్డును గుడ్డలో చుట్టి రవికలో పెట్టుకునేది.

దవాఖానాలో సూది వేసేది కాంపౌండరు తిమ్మరాజు. సూదులను గిన్నెలో మరగబెట్టి, బయటికి తీసి, గోరు మీద గీసి చూసేవాడు.

"రా పెద్దమ్మా. ఈ పొద్దు చెయ్యా, తొడా?"

"ఏదో ఒకటి పొడువప్పా. నిన్న పొడిచిన చోట ఇంకా మండుతాండాది. నీ సూది మొండిది, నీ చెయ్యి ఇంకా మొండిది."

"ఇది రైల్వే సూది పెద్దమ్మా. గూడ్సు బండి మాదిరి మెల్లగానే పోతుంది."

"పోయేటప్పుడు మెల్లగా పోతే పోనీ. మధ్యలో నిలబెట్టొద్దు."

అట్లా కొన్నేళ్లు గడిచాయి. సూది పడినన్నాళ్లూ అమ్మకు ఒంట్లో మళ్లీ కండ వచ్చింది. కుళ్ళాయమ్మ ఒకసారి వేళాకోళంగా అంది: "మా ఆయనకు రొమ్ములో నొప్పి. మగ్గం గుంతలో కూర్చోవద్దన్నారు. కూర్చోకపోతే కూడు లేదు. మాకే కార్డిస్తారు? నీదేమి లే అంకమ్మక్కా, కొడుకు రైల్వే, నీ జబ్బు కూడా రైల్వేనే." అమ్మ నవ్వింది. మనసులో ఆ మాట ఆమెకు నచ్చిందని నాకు తెలుసు.

ఒక వేసవిలో ఓబులేసు బావ పుట్టమ్మత్తను రైల్లో తెచ్చి మా వాకిట్లో దింపాడు. దాసప్ప మామ అప్పటికి పోయి రెండేళ్లు కావొచ్చు. అత్త మొహం పీక్కుపోయింది, కడుపు మాత్రం ఎత్తుగా ఉంది. బావ నీళ్లు కూడా తాగకుండా, తిరుగు బండికి వేళవుతోందని లేచాడు.

"సర్కారాసుపత్రిలో చూపిస్తిని. గడ్డంట. ఈడ కాదు, పెద్ద ఊరికి పోయి కోయించాల అన్నారు. నా దగ్గర అంత దుడ్లు యాడుండాయి? జయరామునికి రైల్వే ఉండాది కదా" అన్నాడు.

"చేను అమ్మితే?" అంది అమ్మ.

"చేను పిల్లోళ్లది అత్తా" అని పోయాడు.

అత్త అరుగు మీద కూర్చుని కడుపు నిమురుకుంటూ అమ్మ వైపు చూసింది.

"గడ్డ కాదు వదినా. ఇద్దరు కొడుకులు చాల్లేదని మూడోవాడు వచ్చినాడు. వీణ్ణి ఎవరికి ఇల్లటం ఇద్దామో నువ్వే చెప్పు."

"నోరు మూసుకుని లోపలికి రా వదినా" అంది అమ్మ. చెయ్యి పట్టి లేపేటప్పుడు ఆ చేతిలో బరువు లేకపోవడం చూసి అమ్మ మొహం మారిపోయింది.

మర్నాడు పొద్దున నేనూ అమ్మతో దవాఖానాకు పోయాను. సూది అయినాక అమ్మ లేవలేదు.

"తిమ్మరాజప్పా, మావాని తల్లికి కార్డు రాయించాలంటే ఎట్ల?"

"నీకుండాది కదా పెద్దమ్మా."

"నాకు కాదు. కన్నతల్లికి."

ఆయన సూది గిన్నెలో వేసి, పోయి తలుపు దగ్గరికి లాగి వచ్చాడు. బయట బెంచీ మీద ఎవరూ లేరని మళ్లీ ఒకసారి చూశాడు.

"నువ్వు ఆయనకేమవుతావు?"

"ఇల్లటం తెచ్చుకున్నాం. నా కొడుకు."

"కన్నావా?"

"కనలేదు."

తిమ్మరాజు తల పట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు. విసుక్కోకుండా ఒక్కొక్కటే విడమరిచి చెప్పాడు. ఉద్యోగి పెండ్లాం, పిల్లలు, భర్త లేని తల్లి, వీళ్లకే మందు. ఆ తల్లి కొడుకు దగ్గరే ఉండాలి, కొడుకు సంపాదన మీదే బతకాలి. తల్లంటే కన్నదో, చట్టప్రకారం దత్తత చేసుకున్నదో.

"ఇల్లటం సర్కారు లెక్కలో లేదు పెద్దమ్మా. అత్త ఇంట్లో ఉన్నా, కూడు పెట్టినా, చేనంతా రాసిచ్చినా అత్తే. అత్తకు ఆ కార్డులో చోటు లేదు."

"ఆయమ్మకు ఉండాదా?"

"భర్త పోయినాడు కదా? కొడుకు దగ్గరికి వచ్చేసింది కదా? అయితే ఉండాది. చోటున్నది ఆయమ్మకే."

"ఇప్పుడు పోయి నిజం చెప్పి పేరు మార్పిస్తే?"

"ఇన్నాళ్లు తప్పు పేరు మీద మందు తీసుకున్నారని విచారణ పెడతారు. ఉద్యోగం ఉంటుందో పోతుందో నేను చెప్పలేను. ఉన్నా సరే, నీ సూది ఆ పొద్దే ఆగిపోతుంది." మళ్లీ అన్నాడు: "ఈ మాట నువ్వు అడగలేదు, నేను విన్లేదు."

"బయట కొనుక్కుంటే?"

"హిందూపురంలో అంగట్లో దొరుకుతుంది. రోజూ కొనడం జయరాముని జీతానికి కాదు."

వచ్చేటప్పుడు అమ్మ పట్టాల పక్కన నిలబడిపోయింది. ఇంజను నీళ్లు పట్టుకుంటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కడుపునొప్పా అని అడిగాను.

"నీలా, ఇన్నేండ్లు నేను ఆయమ్మ సూది పొడిపించుకున్నానే."

"నీ జబ్బుకు నువ్వు పొడిపించుకున్నావు. ఆయమ్మకు అప్పుడు జబ్బు యాడుండాది?"

"జబ్బు లేకపోతే మాత్రం? చోటు ఆయమ్మది."

ఇంటికి వచ్చాక రవికలోంచి గుడ్డ తీసి, విప్పి, కార్డును పుట్టమ్మత్త ఒడిలో పెట్టింది. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి తింటున్నాడు.

"ఏంది వదినా ఇది?"

"రేపు నువ్వు అంకమ్మవు. రైలెక్కి పెద్ద రైల్వే ఆసుపత్రికి పో. వాడు కొడుకని చెప్తాడు. నీలా వెంట వస్తాది."

మా ఆయన ముద్ద వదిలేశాడు. "పట్టుకుంటే నా గతి ఏమమ్మా?"

"ఎవరు పట్టుకుంటారు? ఇద్దరమూ ముసలోళ్లమే. ఇద్దరికీ బొట్టు లేదు. ఆయమ్మ నాకంటే నాలుగు పండ్లు ఎక్కువ, అంతే కదా. వాళ్లు పండ్లు లెక్కపెడతారా?"

"ఆ ఆసుపత్రిలో నీ పేరు రాసుకుంటే నీ సూది?"

"సూది ఈడ, కోత ఆడ. ఆయమ్మ కోయించుకుని నెలకో రెండు నెలలకో తిరిగి వస్తాది. నా కార్డు నాకిస్తాది. అంతే."

"నాకొద్దు వదినా. రొద్దంలోనే పోతా. ఆడ నా పేరు మీదే పోవచ్చు" అంది అత్త.

అమ్మ ఆమె పక్కన కూర్చుంది. "నీకు పిలుపు రానియ్యనని మాటిచ్చినా. నువ్వే వస్తివి. వచ్చినదాన్ని వాకిట్లో కూర్చోబెట్టి నేను సూది పొడిపించుకుని బతకాల్నా?"

మా ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. కడుక్కుంటూనే ఏడ్చాడు. ఇద్దరు తల్లులూ అటు చూడనట్టే ఉన్నారు.

ఆసుపత్రిలో అమ్మ అనుకున్నట్టే ఎవరూ ఏమీ అడగలేదు. కార్డు చూశారు, మంచం ఇచ్చారు. నర్సు వచ్చి "అంకమ్మా, అంకమ్మా" అని పిలిస్తే అత్త పక్కకు తిరిగి పడుకునే ఉంది. నేను తట్టాను.

"ఏం పెద్దమ్మా, చెవుడా?"

"చెవి ఇంకా ఊర్లోనే ఉండాది తల్లీ. నేను ముందు వచ్చేస్తిని" అంది అత్త. నర్సు నవ్వింది. ఆమె పోయినాక అత్త నా చెవిలో "నీ యమ్మ పేరు బరువుగా ఉండాది నీలమ్మీ. మోయలేకుండా ఉండా" అంది.

పెద్ద డాక్టరు వచ్చి "ఈమె నీకేమవుతుంది?" అని అడిగితే మా ఆయన "మా అమ్మ సార్" అన్నాడు. డాక్టరు ముందుకు పోయినాక అత్త దుప్పటి మొహం మీదికి లాక్కుంది. నొప్పి ఎక్కువైందేమో అనుకుని దుప్పటి తీయబోయాను.

"ఉండనీ మే. విన్లేదా వాడేమన్నాడో? రొద్దం అనకుండా అన్నాడు."

కోశారు. గడ్డ లోపలంతా అల్లుకుపోయిందని డాక్టరు మా ఆయనను పక్కకు పిలిచి చెప్పాడు. కుట్లు ఆరకముందే జ్వరం అందుకుంది. నీళ్లడిగితే దూదితో పెదవి తడపమన్నారు. ఒక బేస్తవారం తెల్లవారగానే అత్త పోయింది. అంకమ్మ, జయరాముడి తల్లి, అని రాసిన కాగితం మీద మా ఆయన సంతకం పెట్టాడు. అప్పుడైనా చెబుదామా అన్నట్టు నా వైపు చూశాడు. నేనేం చెప్పగలను? శవాన్ని ఇవ్వాలంటే ఆ కాగితం కావాలి.

రొద్దానికి తీసుకుపోయాం. కర్మలన్నీ ఓబులేసు బావే చేశాడు. మా ఆయన వెనక నిలబడ్డాడు. అమ్మ కబురందుకుని వచ్చి, అత్త తల దగ్గర కూర్చుని, చెదిరిన జుట్టు సరిచేసి, "పుట్టమ్మా" అని పేరు పెట్టి పిలిచింది. వదినా అనకుండా పిలవడం నేను అదే వినడం.

ధర్మవరం వచ్చిన కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం తిమ్మరాజు మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. అరుగు మీద కూర్చోకుండా లోపలికి వచ్చి నిలబడ్డాడు. అమ్మ చేటలో కొర్రలు చెరుగుతోంది.

"పెద్దమ్మా, ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది."

"ఏమని?"

"నువ్వు పోయినావని."

అమ్మ చేట కింద పెట్టింది. "ఎప్పుడంట?"

"బేస్తవారం తెల్లవారి."

"బేస్తవారం పొద్దున నువ్వే కదప్పా నా తొడకు పొడిచింది."

"అదే కదా నా తంటా. ఆ పొద్దుటి నుంచి వేసిన సూదులన్నీ ఎవరికి వేసినట్టు? మందుల లెక్క చూసే పెద్దాయన అడిగితే నేను ఏం చెప్పాల?" గడప వైపు ఒక అడుగు వేసి ఆగాడు. "రేపటి నుంచి రావద్దు పెద్దమ్మా. ఈడ కూడా ఉండొద్దు. క్వార్టర్సులో నిన్ను ఎరగనోళ్లు లేరు. ఎవరన్నా ఒక ఆకాశరామన్న ఉత్తరం పడేస్తే జయరాముడూ పోతాడు, నేనూ పోతా. నాకు ఆడపిల్లలు ఉండారు."

అమ్మ నా వైపు తిరిగి "పోయినదానికి మజ్జిగ ఇచ్చే పని లేదు గాని, వచ్చినాయనకు ఇయ్యి నీలా" అంది.

తిమ్మరాజు మజ్జిగ తాగలేదు. జేబులోంచి గుడ్డలో చుట్టిన చిన్న సీసా తీసి గూట్లో పెట్టాడు. అడుగున మిగిలిన మందు. ఎట్లా పొడవాలో నాకు చూపించి, తల వంచుకుని పోయాడు.

ఆ వారంలోనే నేనూ అమ్మా పెనుకొండకు మారాం. తాడిమర్రి ఇల్లు కూలిపోయింది. పెనుకొండలో అయితే సర్కారు ఆసుపత్రి ఉంది, రైలు దారిలోనే ఉంది కాబట్టి మా ఆయన సెలవుపూట వచ్చిపోవచ్చు. అంగళ్ల వెనక ఒక గది దొరికింది. ధర్మవరంలో ఆయన ఒక్కడే వండుకుని తినేవాడు.

ఆసుపత్రిలో చీటీ రాసే ఆయన పేరడిగాడు. నేను వేరే ఏదైనా పేరు చెబుదామని దారంతా అనుకుంటూ వచ్చాను. నోరు తెరిచేలోపలే అమ్మ చెప్పేసింది.

"అంకమ్మ. సంజీవప్ప పెండ్లాం. తాడిమర్రి."

నేను అమ్మ కొంగు పట్టి లాగాను. ఆయన తలెత్తకుండా రాసి, చీటీ చింపి ఇచ్చి, తర్వాత మనిషిని పిలిచాడు. అంతే. అక్కడ ఎవరికీ ఏ లెక్కా అక్కర్లేదు. డాక్టరు మంచివాడే. అమ్మను బాగా చూసి, ఈ జబ్బుకు సూదే మందమ్మా, అది మాకు రాదు, బయట కొనుక్కోండి అన్నాడు. తీపి మానమన్నాడు, అన్నం తగ్గించమన్నాడు. తీపి మేమెప్పుడు తిన్నాం గనక.

మా ఆయన చేతిలో డబ్బున్నప్పుడు హిందూపురం పోయి సీసా తెచ్చేవాడు. ఎండకు పాడవకుండా తడి ఇసుక పోసిన కుండలో దాచి నేనే పొడిచేదాన్ని. సీసా ఉన్న రోజుల్లో అమ్మ లేచి తిరిగేది. అయిపోయిన రోజుల్లో మళ్లీ నీళ్ల బిందె పక్కన పెట్టుకుని పడుకునేది. ఉన్నదాన్ని ఎక్కువ రోజులు రావాలని సగం సగం వేయించుకునేది. నేను వద్దంటే, "మడికి నీళ్లు తక్కువైతే ఏం చేస్తాం? ఎడం పెట్టి పారిస్తాం" అనేది. ఒళ్లు మడి కాదమ్మా అనేదాన్ని.

ఒకసారి మా ఆయన వచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. అప్పటికే ఆమెకు ఎడమ పాదంలో ముల్లు గుచ్చుకుని పుండైంది. గుచ్చుకున్నట్టు ఆమెకు తెలియను కూడా తెలియలేదు. గుడ్డకు చీము అంటుకుంటే నేను చూశాను.

"నేను పోయి రైల్వే పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పేస్తా అమ్మా."

"చెప్తే నాకు సూది ఇస్తారా?"

"ఇయ్యరు."

"పుట్టమ్మ తిరిగి వస్తాదా?"

"రాదు."

"నీ జీతం?"

ఆయన అమ్మ పాదం మీద జారిన గుడ్డ సరిచేశాడు.

"మరి దేనికప్పా చెప్పేది? పాపం పోతాదనా? పాపమేమి చేసినావు నువ్వు? తల్లి ఎవరంటే తల్లి పేరు చెప్పినావు." ఊపిరి తీసుకుని మళ్లీ అంది: "వాళ్ల దగ్గర ఒక తల్లికే చోటుండాది. మనింట్లో ఇద్దరముంటిమి. అది ఎవరి తప్పూ కాదు."

పాదం వేళ్లు నల్లబడ్డాయి. వాసన వచ్చింది. డాక్టరు ఇంటికి వచ్చి చూసి, వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయి కాలు తీయించండి, లేకపోతే మనిషి దక్కదు అన్నాడు. తీసినా సూది లేకపోతే పుండు మానదని ఆయనే అన్నాడు. అమ్మ ఆ రెండో మాట విని, ఇంక మొదటి మాట ఎత్తనివ్వలేదు. తాడిమర్రి పోదాం అంది. కూలిన ఇంట్లో వంటిల్లు ఒక్కటి నిలిచి ఉంది. దాన్ని ఊడ్చి, అలికి, అక్కడ పడుకోబెట్టాను. వేరుశనగ పీకే రోజులు. ఊళ్లో అందరూ చేలల్లో ఉన్నారు. ఒళ్లంతా కాలిపోతూ, ఎద్దులను అదిలిస్తున్నట్టు నోట్లో ఏదో అంటూ ఉండేది. తర్వాత అదీ ఆగిపోయింది. నేను పక్కన ఉండగానే పోయింది. నేను ఏమీ చేయలేకపోయాను.

ధర్మవరానికి మనిషిని పంపాను. మా ఆయన మర్నాడు ఎండ ఎక్కాక వచ్చాడు. సెలవు ఎట్లా ఇచ్చారని అడిగాను. తల్లి పోయిందని పెట్టే సెలవు ఆయన పుట్టమ్మత్త పోయినప్పుడే వాడేసుకున్నాడు. అమ్మ పోతే అత్త పోయిందని రాయడానికి చెయ్యి రాలేదట. కదిరి నరసింహస్వామికి మొక్కు ఉందని రాసిచ్చి వచ్చాడు.

కొడుకు చేయాల్సినవన్నీ చేశాడు. మంగలి వచ్చి తల గొరిగాడు. ఊళ్లోవాళ్లెవరూ ఇదేమని అడగలేదు. వాళ్ల కళ్లకు అంకమ్మ కొడుకు అంకమ్మకు చేస్తున్నాడు, అంతే. పెద్దకర్మ వరకు ఉండే వీలు లేదు. మన్ను చేసిన మర్నాడే డ్యూటీకి పోవాలి.

ఆ తర్వాత నేను ధర్మవరం తిరిగి వచ్చాక ఆయన చెప్పాడు. స్టేషన్లో అడుగు పెట్టగానే అందరూ ఆయన గుండు చూసి చుట్టూ మూగారట.

"ఏమబ్బా జయరామా, కదిరిలో దర్శనం బాగా అయిందా?"

"అయింది."

"ప్రసాదమేదప్పా? మమ్మల్ని మర్చిపోయి ఒక్కనివే తినేస్తివా?"

ఆయన ఒక నిమిషం ఉండండని చెప్పి, స్టేషన్ బయట మిఠాయి అంగడికి పోయి బూందీ కట్టించుకుని వచ్చాడట. అందరి చేతుల్లో తలా కొంచెం పోశాడు. వాళ్లు కళ్లకద్దుకుని తిన్నారు. ఆ రోజు దవాఖానా నుంచి స్టేషనుకు వచ్చిన తిమ్మరాజు కూడా చెయ్యి చాపాడు. చాపి, మా ఆయన మొహం చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.